చింతపండుతో తోమిన కవచం

మా జ్ఞానప్రసూనకి శుభ్రం ఒక జబ్బు. అమెరికాలో మా ట్రాయ్ ఊళ్లో ఎవరింటికి పేరంటానికి వెళ్లినా ముందు వాళ్ల దేవుడి గూట్లో రాగి చెంబు వంకే చూసేది. కాకినాడలో లెక్చరర్‌గా చేసిన మనిషి. ఇక్కడ భర్త రవికాంత్ ఉద్యోగం మీద వచ్చిన డిపెండెంట్ వీసా, జీతం తీసుకునే పని చేయకూడదు. ఆరేళ్లు గోడలు చూస్తూ గడిపి, రెండువేల తొమ్మిదిలో గంట దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీ మ్యూజియంలో వాలంటీర్‌గా చేరింది. తనకి డ్రైవింగ్ అంటే భయం కాబట్టి మంగళ, గురువారాలు నేనే దింపి తెచ్చేదాన్ని.

ఎడారి అంచున రోమన్లు కట్టుకున్న ఒక సరిహద్దు కోటలో, డెబ్భై ఏళ్ల కిందట తవ్వి తెచ్చిన సైనికుల సామాను తనకి అప్పగించారు. బాణపు మొనలు, బెల్టు బకిల్స్, చేప పొలుసుల్లాంటి కంచు రేకులు. ఆ రేకుల్ని చొక్కా మీద వరసగా కుట్టుకుంటే కవచం. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, నంబరు వేసి సంచిలో పెట్టడమే ప్రసూన పని. తిరుగు దారంతా వాటి గురించే చెప్పేది. ఆరేళ్లలో తను అంత మాట్లాడగా నేను వినలేదు.

అక్టోబరులో ఒక సోమవారం మ్యూజియానికి పెద్ద దాతలు వస్తున్నారన్నారు. ఇంటికి పెద్దవాళ్లు వస్తుంటే మనం ఊరుకుంటామా? ముందు గురువారం ఈవిడ చిన్న డబ్బాలో నానబెట్టిన చింతపండు పట్టుకెళ్లింది. నూట పద్నాలుగో నంబరు రేకుని సింక్ దగ్గర తోమింది. చిలుమంతా పోయి తళతళలాడింది. ఆ సంతోషంలో మిగతావి కూడా తోమొచ్చేమో చూద్దామని, అప్పటిదాకా తెరవని వాలంటీర్ల పుస్తకం తెరిస్తే, లోహానికి నీటిబొట్టు కూడా తగలకూడదని రెండో పేజీలోనే ఉంది.

కార్లో ఎక్కి సీట్ బెల్ట్ కూడా పెట్టుకోలేకపోయింది. విషయం విని, ఊరుకున్నంత ఉత్తమం లేదని సలహా ఇచ్చింది నేనే. గ్రీన్‌కార్డ్ ఫైల్ నడుస్తోంది, కేసు పెడితే ఏంటి గతి అని రవికాంత్ ఇంకా భయపెట్టాడు. నాలుగు రోజులు తను సరిగ్గా తినలేదు. ఫోన్ మోగితే ఎత్తేది కాదు. సోమవారం రానూ వచ్చింది, పోనూ పోయింది. మ్యూజియం నుంచి ఎవరూ ఏమీ అనలేదు. అదే తనని ఎక్కువ తినేసింది.

మంగళవారం పొద్దున్నే కార్లో అంది. "చెప్పేస్తానే జయంతీ. కానీ మళ్లీ రావద్దంటే నేనేమైపోతాను?"

ఆ రోజు నేను దింపి వెళ్లిపోలేదు. తోడుగా లోపలికి వెళ్లాను.

ఆ విభాగం చూసే హ్యారియెట్ అనే పెద్దావిడ అంతా విని, లేచి లోపలికి వెళ్లింది. తర్వాత ఇంకో రేకు తెచ్చి భూతద్దం కింద పెట్టింది. పచ్చటి చిలుములో సన్నటి గళ్లు. రేకుల కింద సైనికుడు తొడుక్కున్న నార చొక్కా ఎప్పుడో కుళ్లిపోయిందట. దాని నేత మాత్రం చిలుములో అచ్చుపడి పద్దెనిమిది వందల ఏళ్లు నిలిచిందట.

నూట పద్నాలుగు మీద అలాంటి గీతలు చూశావా అని ఆవిడ ప్రసూనని అడిగింది. చూసింది. వేలికి కూడా తగిలాయి. మురికనుకుని ఇంకా గట్టిగా రుద్దింది. అది చెబుతూ ఏడ్చేసింది.

హ్యారియెట్ ఓదార్చలేదు. కాగితం, పెన్సిల్ ముందుకి తోసి, గుర్తున్నంత వరకు గీయమంది. ప్రసూన కళ్లు తుడుచుకుని గీసింది. నిలువు పోగులు దగ్గరదగ్గరగా, అడ్డం పోగులు ఎడంగా, మూలన ఒక చిన్న కుట్టు. అరగంట పట్టింది. కింద పేరు, తేదీ, చింతపండు సంగతి రాయించి, ఆ కాగితాన్ని నూట పద్నాలుగు ఫైల్లో పెట్టింది ఆవిడ. ఇక వస్తువుల్ని ముట్టుకోవడానికి వీల్లేదంది. గురువారం నుంచి వచ్చి వాటి వివరాల కార్డులు రాయమంది.

తిరిగి వస్తూ హైవే ఎక్కాక, రానిచ్చారుగా, ఇంకా ఏంటి ఆ మొహం అని విసుక్కున్నాను.

తన కుడిచేతి వేళ్లే చూసుకుంటూ అంది. "అతని చొక్కాని ఆఖరున ముట్టుకున్నది నేనేనే."