నా తొలి ఆల్బమ్‌కు వచ్చినవారు

మా ముత్తాత నర్సింగరావు, తాత వెంకటరావు సారంగాపూర్ చుట్టుపక్కల ఊళ్లకు పటేళ్లు. వారు కబురు పంపితే జనం వచ్చేవారు. ఒకరి గడపకు వెళ్లి పిలిచే అలవాటు మా ఇంట్లో లేదు.

నిరుడు నేను రాసి పాడిన పాటల తొలి ఆల్బమ్ విడుదలకు కోరుట్లలో ఫంక్షన్ హాల్ మాట్లాడి, అందరికీ ఫోన్లలో కబురు పంపాను. జగిత్యాల నుంచి మా అక్క ఒక్కతే వచ్చింది.

"పటేలు మనుమడా, ఇంటింటికి పోయి పిలువకుంటె పెండ్లికే రారు. గీ పాటలకొస్తరా?" అంది.

"నువ్వు కూసో అక్కా" అని మైకు అందుకున్నాను.

సగం పాటలు కాకముందే ఆమె బస్సు వేళయింది. మిగతావన్నీ ఖాళీ కుర్చీలకు నిటారుగా నిలబడి పాడాను. ఆ హాల్లో తిరిగి వినిపించిన నా గొంతును ఇప్పటికీ మరచిపోలేదు.

ఆ ఆల్బమ్ రికార్డింగు కోసం సారంగాపూర్‌లో మాకు మిగిలిన మామిడితోట అమ్మాను.