ఒసాకాలో దొరికిన ఉంగరం

జపాన్ పోయి వచ్చిన మనిషిని కువైట్‌లో మా ఎగైలాలో ఎవరైనా ఏమడుగుతారు? మంచు పడిందా, రైలు ఎంత జోరుగా పోయింది, తిండి ఎట్లా తిన్నావు అంటారు. సూరాయమ్మనూ అందరూ ఇవే అడిగారు. ఆమె "బాగుండాది" అని ఊరుకుని తన పని చూసుకునేది. విమానం ఎక్కి వచ్చాక గర్వం తలకెక్కిందన్నారు పక్కిళ్లలో పనిచేసే మనవాళ్లు. అది గర్వం కాదు, సిగ్గు. ఆ సంగతి అప్పట్లో నాకొక్కడికే తెలుసు. ఆ సిగ్గులో నా వాటా కూడా ఉంది కాబట్టి రాస్తున్నాను.

నాది రాయచోటి, పేరు అబ్దుల్ ఖుద్దూస్. ఆ ఇంట్లో తొమ్మిదేళ్లుగా డ్రైవర్ని. సూరాయమ్మది గాలివీడు దగ్గర పల్లె. నాకంటే అయిదేళ్ల ముందు నుంచి ఆ ఇంట్లోనే ఉంది. మనిషి పొట్టి, నోరు పెద్దది. కారు వెనక సీటు మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు నా ముక్కు ముందు పెట్టి, "ఇదేందిది? దుమ్ము గాదా? నీ పెండ్లాం ఇల్లు గూడా ఇట్లే తుడుస్తాదా?" అనేది. ఆమె తుడిచిన చోట తప్పు పట్టడం నా వల్ల కాలేదు. పట్టాలని చాలాసార్లు చూశాను కూడా.

ఇక్కడ ఇంటి యజమానురాలిని పనివాళ్లు మామా అంటారు. మా మామా చెడ్డమనిషి కాదు. జీతం ఆపదు, పస్తు పెట్టదు. కోపమొస్తే అరుస్తుంది, అరగంటకు మరిచిపోతుంది. సూరాయమ్మ మరిచిపోయే రకం కాదు. ఆమె ఈ ఇంటికి రాకముందు కువైట్‌లోనే జహ్రా అనే ఊళ్లో ఒక ఇంట్లో ఆరు నెలలు చేసింది. అక్కడ గొలుసు కనపడలేదని ఆమె పెట్టె బోర్లించి, లోపలి బట్టలతో సహా అన్నీ వాకిట్లో పరిచారట. ఇంటి మగవాళ్లు, తోటమాలి అందరూ చూశారు. గొలుసు మూడో రోజు సోఫా సందులో దొరికింది. దొరికినట్టు కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు, సోఫా తుడుస్తుంటే ఆమే చూసి తీసి ఇచ్చింది. ఈ కథ నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. చెప్పినప్పుడల్లా మొహం ఎర్రబడేది.

పోయిన ఫిబ్రవరిలో మామా, ఆమె కూతురు, కూతురి రెండేళ్ల పాప జపాన్ చూడటానికి బయల్దేరారు. పాపను చూసుకోవడానికి సూరాయమ్మ. చలికని మాల్‌లో ఆమెకో దళసరి జాకెట్టు కొనిచ్చారు. బయట రెండు జేబులు, లోపల జిప్పుతో ఒకటి. రోజూ వేసుకునే పొడుగు గౌను మీద ఆ జాకెట్టు తొడుక్కుని నా ముందు ఒక చుట్టు తిరిగింది. "ఎట్లుండా?" అంది. పోలీసులా ఉన్నావక్కా అన్నాను. నిజానికి బాగుంది.

ఒసాకాలో హోటల్, పందొమ్మిదో అంతస్తు. మామా గది పక్కనే సూరాయమ్మకు ఒక గది ఇచ్చారు. ఆమె ఒక్కదానికే. ఎగైలాలో ఆమె పడుకునేది ఇస్త్రీ గదిలో, మడత మంచం మీద. హోటల్లో తెల్లటి పెద్ద మంచం, కిటికీ నిండా ఊరు, వేడిగా ఉండే కమోడు, రోజూ మడతపెట్టి ఉంచే రాత్రిబట్టలు. మొదటి రోజు వాట్సాప్‌లో నాకు ఫొటోలు పంపి, "ఖుద్దూసూ, ఈ పరుపు మీద పండుకుంటే నడుము యాడుందో తెలీలేదు నాయనా" అంది. గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

అక్కడ గదులు శుభ్రం చేయడానికి ఒక పెద్దామె వచ్చేది. అరవై దాటి ఉంటుందట. సూరాయమ్మకు తన గది ఇంకొకరు తుడవడం ఒంటికి పట్టలేదు. ఆమె వచ్చేలోపే లేచి దుప్పటి సరిచేసి, బాత్రూం కడిగి, తువ్వాళ్లు మడిచిపెట్టేది. రెండో రోజు ఆ పెద్దామె వచ్చి చూసి, నవ్వి, వేలు అడ్డంగా ఆడించింది. పరుపు మూల ఎత్తి, దుప్పటి కొసను ఎట్లా మడిచి లోపలికి దోపాలో చూపించింది. సూరాయమ్మ కూడా చేసింది. పెద్దామె విప్పేసి మళ్లీ చేయించింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు. వెళ్లేటప్పుడు నాలుగు టీ పొట్లాలు ఎక్కువ పెట్టిపోయింది. "ఆయమ్మ చెయ్యి పనిమంతురాలి చెయ్యి" అని సూరాయమ్మ నాకు చెప్పింది. అంతకు మించిన పొగడ్త ఆమె దగ్గర లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం అందరూ బయటికి పోవడానికి సిద్ధమయ్యారు. పోయే ముందు మామా నమాజుకు ముందు చేతులూ మొహమూ కడుక్కునే వజూ చేసుకుంటూ ఉంగరం తీసి వాష్‌బేసిన్ పక్కన పెట్టింది. ఎగైలా ఇంట్లో ఇది రోజూ జరిగేదే. మామా ఉంగరం తీయగానే సూరాయమ్మ దాన్ని టిష్యూ కాగితంలో చుట్టి గౌను జేబులో వేసుకుంటుంది, నమాజు అయ్యాక చేతికిస్తుంది; మధ్యలో అది ఎక్కడుంటుందో మామా ఎప్పుడూ పట్టించుకోలేదు. పద్నాలుగేళ్ల అలవాటు, చెయ్యి దానంతటది చేసేస్తుంది. ఆ రోజు గౌను జేబు జాకెట్టు కింద ఉండిపోయింది. అందుకని టిష్యూను జాకెట్టు లోపలి జేబులో వేసి జిప్పు లాగింది. అంతలో పాప పాలు కక్కుకుంది. బట్టలు మార్చేసరికి కిందికి టాక్సీ వచ్చేసింది. మామా నమాజు ముగించి, ఆ హడావుడిలో చేతులకు గ్లవ్స్ తొడుక్కుని లిఫ్టు ఎక్కింది.

సాయంత్రం తిరిగొచ్చి సూరాయమ్మ జాకెట్టు తన గదిలో తగిలించి, పాపకు తినిపించడానికి మామా గదికి పోయింది. అప్పుడు మామా గ్లవ్స్ తీసి ఉంగరం లేదంది. అది ఆమె చనిపోయిన అమ్మగారిది. బేసిన్ దగ్గర చూశారు, మంచం కింద చూశారు, పాప బొమ్మల సంచి దులిపారు. చివరికి మామా నడుము మీద చేతులు పెట్టుకుని, "ఈ గదిలోకి ఎవరొచ్చారు?" అంది. అడిగి సూరాయమ్మ వైపు చూసింది.

ఊరికే చూసి ఉండొచ్చు. కానీ సూరాయమ్మకు జహ్రా వాకిలి కళ్ల ముందుకొచ్చింది. "క్లీనింగ్ ఆమె వచ్చినాది మామా. మనం బయట ఉన్నప్పుడు" అంది.

అబద్ధం కాదు. ఆ పెద్దామె రోజూ అదే వేళకు వస్తుంది, పరుపు సర్ది కూడా ఉంది. అబద్ధం ఆడకుండానే ఒక మనిషిని దొంగను చేయొచ్చని నాకు ఈ కథ విన్నాకే తెలిసింది.

మామా ఫోను చేసింది. మేనేజరు వచ్చాడు, వెనకే పెద్దామె వచ్చింది. ఆయన వంగాడు, ఆమె ఇంకా కిందికి వంగింది. ఎవరూ అడగకముందే ఆమె తన ఏప్రను జేబులు తనే ఖాళీ చేసి బల్ల మీద పెట్టింది. ఒక పెన్ను, తుడిచే గుడ్డ, చిన్న చుట్టగా చుట్టిన టిష్యూ కాగితం. అది విప్పమని మామా చేయి చూపింది. విప్పితే అందులో దగ్గు బిళ్ల ఉంది.

ఆ టిష్యూ చూడగానే సూరాయమ్మకు గుర్తొచ్చింది.

అదే ఆమె నాకు ఏడుస్తూ చెప్పింది. అప్పటిదాకా నిజంగానే తెలియదు, మరిచిపోయింది. అప్పుడు తెలిసింది. పక్క గదిలో, జాకెట్టు లోపలి జేబులో. పది అడుగులు కూడా లేదు. పెద్దామె ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆ దగ్గు బిళ్లను మళ్లీ కాగితంలో చుట్టుకుంటూ ఆమె ఒక్కసారి తలెత్తి సూరాయమ్మను చూసింది. కోపంగా కాదు. ఇద్దరూ ఒకే పని చేసేవాళ్లు, నువ్వయినా చెప్పు అన్నట్టు చూసిందట. సూరాయమ్మ పాప మూతి తుడుస్తూ ఉండిపోయింది.

తన గదికి పోయి జిప్పు లాగి చూసుకుని నాకు ఫోను చేసింది. కువైట్‌లో అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట, నేను ఇంటి పిల్లల కోసం బడి ముందు కారులో ఉన్నాను.

"ఖుద్దూసూ, నా జోబీలోనే ఉండాది నాయనా. ఇప్పుడే పోయి మామాకు చెప్తా. ఏమంటావు?"

ఇక్కడే నా వాటా. నేను గట్టిగా అరిచాను. "నీకేమన్నా తిక్క పట్టిందా అక్కా? ఆ ముసిలామెను నిలబెట్టి అంతసేపు ఎతికినాక నీ జోబీలో ఉండాదంటే ఎవురు నమ్ముతారు? ఆడికాడే పోలీసుల్ని పిలుస్తారు. గమ్మునుండు. మామా మేకప్ సంచిలో ఏసి రేపు పొద్దున దొరికిందని చెప్పు."

"మరి ఆయమ్మ?"

"ఆయమ్మకేమైతాది? ఉంగరం దొరికినాక ఆయమ్మ మింద మాట పోతాది గదా."

నేను తెలివిగా చెప్పాననుకున్నాను. ఆ పూట భోజనం కూడా బాగానే తిన్నాను.

ఆమె అట్లాగే చేసింది. పొద్దున్నే ఉంగరం దొరికింది. మామా సూరాయమ్మను కౌగిలించుకుంది. మేనేజరు మిఠాయి పెట్టె తెచ్చి, మీకు ఆందోళన కలిగినందుకు క్షమించండని మళ్లీ వంగాడు. మామా సరే సరే అంది. ఆ పెద్దామె మాత్రం మళ్లీ ఆ అంతస్తుకు రాలేదు. బదులు ఒక చిన్నపిల్ల వచ్చింది. పొట్టిగా, జుట్టు నెరిసి, ఇంత వయసామె ఏదీ అని సూరాయమ్మ చేతులతో ఎంత అడిగినా ఆ పిల్ల నవ్వి తల వంచిందే తప్ప ఏమీ అర్థం కాలేదు. మిగిలిన మూడు రోజులూ సూరాయమ్మ ఆ పరుపు మీద పడుకోలేదు. కింద తువ్వాలు పరుచుకుంది.

కువైట్ వచ్చాక మామాకు ఈ ఉంగరం కథ మహా ఇష్టమైపోయింది. ఎవరొచ్చినా చెప్పేది. జపాన్ వాళ్లే గాభరా పడ్డారు, మా సూరాయమ్మ కళ్లు డేగ కళ్లు, ఇట్టే పట్టేసింది అనేది. సూరాయమ్మ కాఫీ పళ్లెం పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడేది. నా కారు సీటు మీద వేలు పెట్టి చూడటం మానేసింది. ఒకరోజు నేనే, "సీటు తుడిచినాక్కా, చూడు" అన్నాను. "దొంగ ముండను నేను, నేనేం చూడను" అంది. నాతో మాట్లాడొద్దంది కూడా. ఏం చెప్పమంటారు? తప్పు నాది. కానీ అప్పుడు ఆ మాట ఒప్పుకోలేక, "నేను చెప్తే మాత్రం నువ్వు చేయాల్నా?" అని ఎదురు తిరిగాను.

ఒక శుక్రవారం పొద్దున ఆమె వంటగదిలో చేతులు తుడుచుకుని, "ఈ పొద్దు చెప్పేస్తాండా" అంది. నేను కూరగాయల సంచులు దించుతున్నాను. "పంపించేస్తే పంపించేయనీ. ఈడ ఉండేదానికిచ్చిన ఇఖామా కార్డు చించేసినా సరే. చేసిన పాపం చెబితే పోతాది అంటారు గదా." మామా అప్పుడే ఖర్జూరాలు చూడటానికి వంటగదిలోకి వచ్చింది. సూరాయమ్మ తన వంటింటి అరబ్బీలో మొత్తం చెప్పేసింది. జాకెట్టు, జిప్పు, టిష్యూ, దగ్గు బిళ్ల. నా పేరు మాత్రం ఎత్తలేదు. చెప్తూ చెప్తూ ఏడ్చింది. నేను సంచి పట్టుకునే నిలబడిపోయాను. నేనే ఆ సలహా ఇచ్చానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మామా కాసేపు కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకుని నవ్వింది.

"ఇంతేనా? నేనింకా ఎవరో పోయారేమో అనుకున్నా. పిచ్చిదానా, నువ్వు తీయలేదని నాకు తెలియదా?"

"నా సంగతి కాదు మామా. ఆ పెద్దామె..."

"ఆమెకేం? ఎవరో ఖద్దామా. ఈపాటికి మరిచిపోయుంటుంది. ఖలాస్." సూరాయమ్మ చెంప తట్టి, ఖర్జూరాలు మెత్తగా ఉన్నాయని చెప్పి వెళ్లిపోయింది.

ఖద్దామా అంటే పనిమనిషి. ఆ మాట మామా ఎవరితో అంటున్నానో చూసుకోకుండానే అంది. సూరాయమ్మ పొయ్యి మీద అన్నం పదును చూసి మంట తగ్గించింది. చెబితే పోతుందనుకున్నది పోలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నాకనిపించింది. ఆమెకూ అట్లాగే అనిపించి ఉండాలి.

ఆ రోజే మామా చెల్లెళ్లూ వదినలూ వచ్చారు, ఏడెనిమిది మంది. నేను వంటగది గుమ్మం దగ్గర కూర్చుని టీ తాగుతున్నాను. లోపలి నుంచి మామా గొంతు వినిపిస్తోంది. మళ్లీ ఉంగరం కథే. ఈసారి దానికి కొత్త ముగింపు వచ్చింది. ఉంగరం ఎక్కడుందనుకున్నారు, మా సూరాయమ్మ జేబులో! పాపం ఆ ముసలిది వంగి వంగి దండాలు పెడుతుంటే ఇది పాప మూతి తుడుస్తూ నిలబడింది! ముసలామె ఎట్లా వంగిందో మామా లేచి చేసి చూపించినట్టుంది. ఆడవాళ్లంతా ఒక్కసారిగా గొల్లుమన్నారు. "సూరా, ఇటు రా, నీ జేబులు చూపించు" అని ఎవరో పిలిచారు. మళ్లీ నవ్వులు.

చాలాసేపటికి సూరాయమ్మ ఖాళీ కప్పులతో వంటగదిలోకి వచ్చింది. గౌను జేబులు రెండూ బయటికి లాగి వేలాడుతున్నాయి. కప్పులు సింకులో పెట్టి, కొళాయి తిప్పి, నా వైపు చూడకుండానే అంది.

"నేను గూడా నవ్వినా ఖుద్దూసూ. వాళ్లు నవ్వుతాంటే, నేను గూడా నవ్వినా."