దానియేలన్న చెవిలో సారమ్మక్క గొంతు

2023 ఎండాకాలం. కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో, రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టుకు కొంచెం ఎడంగా నా దుకాణం. పెళ్ళిళ్ళకు, సభలకు సౌండ్ సిస్టమ్‌లు అద్దెకిస్తాను; వాద్యగాళ్ళకు కావలసిన పరికరాలు అమ్ముతాను. మా తాత కాలంలో క్యాసంబళ్ళి చుట్టుపట్ల మా పొలం గట్టు తొక్కకుండా సంతకు పోవడం కష్టమనేవారు. రాయల్పాడు వైపు మామిడి తోపులుండేవి. అవి ఎలా పోయాయన్నది ఇంటి విషయం, ఇక్కడ చెప్పను. స్పీకరు పెట్టెలు నేనే మోస్తాను. నా సరుకు గురించి అబద్ధం చెప్పను.

వేదిక మీద వాయించేవాడికి తన వాద్యం తనకు సరిగా వినపడదని చాలామందికి తెలియదు. పెద్ద స్పీకర్లు జనం వైపు చూస్తుంటాయి. వాయించేవాడి కోసం అతని వైపు తిప్పి పెట్టేవాటిని స్టేజ్ మానిటర్లు అంటాం. నేల మీద ఏటవాలుగా పడుకోబెట్టే పెట్టె వెడ్జ్. నేరుగా చెవిలో పెట్టుకునేది ఇన్-ఇయర్.

దానియేలన్నకు అరవై దాటాయి. వాళ్ళ నాయన బంగారు గనిలో డ్రిల్లరు. గని మూతపడ్డాక దానియేలన్న పగలు వేమగల్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, సాయంత్రాలు పెళ్ళిళ్ళలో, బెంగళూరు హోటళ్ళలో గిటారు వాయించి సంసారం నడిపాడు. ఒక రోజు వచ్చి కౌంటరు మీద రెండు చేతులూ ఆన్చి నిలబడ్డాడు.

"అప్పా, చిన్న వెడ్జ్ ఏమన్నా ఉండాదా? ఇప్పుడుండే దాంట్లో సగం సౌండు ఇచ్చేది?"

"అందరూ పెద్దది అడుగుతారు. నీకు చిన్నదెందుకన్నా?"

"చెవుల్లో ఈల. పండుకున్నా అదే, లేచినా అదే. డాక్టరు చూసినాడు. సన్న సౌండ్లు పోతా ఉండాయంట. ఇంగ జోరు సౌండు కాడ నిలబడితే ఉండేది కూడా పోతాదంట."

"వాయించడం మానెయ్యమన్నాడా?"

"ఆయనేందో అన్నాడులే. వచ్చే నెల లైన్ల కాడ కూటాలుండాయి. దాంట్లో వాయించలేకపోతే గిటారు గోడకు తగిలించేస్తానప్పా. హోటల్లో వాయించేది కడుపుకు. ఇది అట్ల కాదు."

లైన్లంటే గని కార్మికులకు వరసగా కట్టిన ఇళ్ళు. ఇప్పుడు వాటిలో చాలా ఇళ్ళకు తాళాలు. ఉన్నవాళ్ళలోనూ సగం మంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి చీకటి పడ్డాక వస్తారు. ఆ లైన్ల పక్క మైదానంలో ఏటా పందిరి వేసి జరిపే ప్రార్థన సభలే కూటాలు.

చిన్న వెడ్జ్ ఆయనకు పనికిరాదు. పక్కన డ్రమ్ములు మోగుతుంటే దాన్ని పెంచక తప్పదు, పెంచితే మళ్ళీ అదే మోత. ఇన్-ఇయర్ చెవిని మూసి బయటి మోతను ఆపుతుంది కాబట్టి తక్కువ సౌండుతో పని జరుగుతుంది. దానికి లిమిటర్ కూడా పెట్టి ఇచ్చాను. సౌండు ఒక హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు అది. దుకాణంలోనే పెట్టుకుని వాయించి చూసుకున్నాడు.

"అయ్యో, ఇన్నేండ్లు ఇన్ని తప్పులు వాయిస్తా ఉంటే ఒకడన్నా చెప్పలేదే!" అని నవ్వాడు. సంతోషంగా తీసుకుపోయాడు.

ఆదివారం సాయంత్రం ప్రార్థనలో వాడాడు. సోమవారం డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు.

"పాట పగిలిపోయినాదప్పా."

"పరికరం మొరాయించిందా?"

"నీ పరికరం బంగారం. నా వేళ్ళు నాకు వినబడినాయి. జనమే యాడికో పోయినారు."

ఇక్కడి ప్రార్థనల్లో, కూటాల్లో పాడే సంప్రదాయం తెలిస్తేనే ఆ మాట అర్థమవుతుంది. పాట పుస్తకంలో ఉన్న లెక్క ఇక్కడ చెల్లదు. ఒక వరుస మనసుకు పట్టిందంటే ముందు చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు దాన్ని మళ్ళీ ఎత్తుకుంటారు. ఎన్నిసార్లని ఎవరూ అడగరు. పాస్టరైనా డ్రమ్ములవాడైనా వాళ్ళ వెనక పోవలసిందే. గిటారువాడు చరణంలోకి మారేముందు ఒక్క ఊపిరి ఆగి, చాపల వైపు చెవి పెట్టి, అప్పుడు వేలు కదుపుతాడు. మూసిన చెవులకు ఆ గొంతులు అందలేదు. ఆడవాళ్ళు పల్లవిని మళ్ళీ ఎత్తుకుంటుంటే దానియేలన్న చరణంలోకి వెళ్ళిపోయాడు.

"మా అక్క సారమ్మ నా తట్టు చూసింది. చూసి, నోరు మూసుకునింది. మా అక్క పాట నడాన నిలిపేసింది నేనెప్పుడూ చూళ్ళేదప్పా." కాసేపు డబ్బా మూత తెరిచి మూశాడు. "ఒక చెవిది తీసేస్తే కుదరదా?"

"కుదరదన్నా. తెరిచిన చెవిని డ్రమ్ములు కొడతాయి. మూసిన చెవిలో నువ్వే సౌండు పెంచుకుంటావు. రెండూ పోతాయి. వేదిక అంచున మైకులు పెట్టి జనం గొంతులు నీ చెవికి పంపుతాను."

"జనమంతా ఏల? అక్కది ఒక్కటి చాలు. జనం ఆమెంబడే వస్తారు." ఈసారి నా వైపు చూడకుండా చెప్పాడు. "మా నాయనకు డ్రిల్లింగ్ మిషన్ మోతకు చెవులు పోయినాయి. ఆయనకు వినబడల్లని అక్క చిన్నప్పటినుంచి గొంతెత్తి పాడేది. నాయన పక్కన కూసోని తొడమీద తాళమేస్తా ఉండె. నాకు గిటారు నేర్పింది ఆ గొంతేనప్పా. ఇప్పుడు ఆమె గొంతూ సన్నబడింది, నా చెవీ సన్నబడింది. నడాన ఈ రబ్బరు ముక్క."

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పట్టుగూళ్ళు ఏరించే మధ్యాహ్నాల్లో మా అమ్మ ఒక రాగం తీసేది. మాటలు లేని రాగం. మా ఇంటి ఆడవాళ్ళ గొంతు వీధిలోకి వినపడకూడదనేవారు, అందుకని తలుపు దాటనిచ్చేది కాదు. ఆ రాగం మొదలు నాకు గుర్తుంది. ఎక్కడ ముగించేదో గుర్తులేదు. అడగడానికి అమ్మ లేదు. ఇంట్లో టేప్ రికార్డరు ఉండేది, లెక్కలు రాసే రైటర్లూ పనివాళ్ళూ ఉండేవారు. ఆమె గొంతు పట్టి ఉంచాలని ఒక్కరికీ తోచలేదు. ఇప్పుడు దుకాణం నిండా మైకులున్నాయి.

మరునాడు సారమ్మక్క ఇంటికి పోయి గడప దగ్గర నిలబడ్డాను.

"ఏమప్పా, బయటే నిలబడినావు? మా ఇంట్లోనూ కుర్చీ ఉండాది" అంది.

లోపలికి పోయి కూర్చున్నాను. మైకు సంగతి చెప్పాను.

"నాకేల మైకు? నేనేమన్నా ఎలక్షన్లో నిలబడినానా? మైకు పట్టుకునేది పాస్టరు పని."

"మైదానంలో ఎవరికీ వినపడదక్కా. నీ తమ్ముడి చెవికి మాత్రమే పోతుంది."

"వానికా? బిడ్డప్పటినుంచి నా మాట వినింది లేదు. ఇప్పుడు మిషన్ పెట్టుకోని వింటాడంటనా!" అని పక్కింటికి వినపడేలా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "పెట్టుకోనీలే నాయనా. నేను మాత్రం చేత పట్టుకోను" అంది.

కూటాల మొదటి సాయంత్రం ఆమె చాప ముందు పొట్టి స్టాండుకు సన్నటి కండెన్సర్ మైకు బిగించాను. సన్న గొంతును కూడా పట్టే రకం అది. దాని సౌండును పెద్ద స్పీకర్లకు పంపకుండా, ఆక్స్ అనే విడి దారిలో దానియేలన్న చెవికి మాత్రమే పంపాను. ఆమె గొంతు పలికే స్థాయిని ఈక్వలైజర్‌లో కొద్దిగా ఎత్తాను. మొదటి పాటలో పల్లవి చివర దానియేలన్న ఒక ఊపిరి ఆగాడు. సారమ్మక్క మళ్ళీ ఎత్తుకుంది. ఆయన వేళ్ళు ఆమెతోనే తిరిగాయి. చాపల మీది ఆడవాళ్ళంతా కలిశారు. పాట ఎక్కడా పగలలేదు.

పాట ముగిసింది. పాస్టరు బైబిలు తెరిచి మైకు ముందుకు వచ్చాడు. పాట కాగానే తెరిచి ఉన్న మైకులు మూసెయ్యడం మా పనిలో నియమం. హెడ్‌ఫోన్ పెట్టుకుని మీట మీద వేలు పెట్టాను. సారమ్మక్క పక్కామెతో అంటున్నది వినపడింది.

"ఈ వరుస మా నాయనకు శానా ఇష్టం. ఇంగోసారి ఎత్తుకుందామంటే ఊపిరి అందలేదు. అంత పైకి పోలేనమ్మా ఇంగ."

ఎదురుగా మైకు ఉందన్న సంగతి మరిచినట్టుంది. నేను వేదిక వైపు చూశాను. గిటారు దించబోతున్న దానియేలన్న అలాగే ఆగిపోయాడు. మీట నొక్కలేదు నేను.

ఆయన గిటారు మళ్ళీ భుజానికి సర్దుకున్నాడు. అదే వరుస, రెండు మెట్లు కిందికి దింపి, నెమ్మదిగా మొదలుపెట్టాడు. పాస్టరు వెనక్కి తిరిగి చూసి, బైబిలు మూసి, కుర్చీలో కూర్చున్నాడు. చాప మీద సారమ్మక్క తల ఎత్తి తమ్ముడిని చూసింది. ఒక్క క్షణం తర్వాత ఆమె గొంతు నా చెవిలోకి వచ్చింది. ఆ మెట్టు మీద ఆమెకు ఊపిరి సరిపోయింది. చివరి దాకా పాడింది.

దానియేలన్న చెవుల్లో ఈల పోలేదు. అది పోయేది కాదు. గిటారు మాత్రం గోడకు ఎక్కలేదు. ఇప్పుడు మానిటర్ కొనడానికి వచ్చినవాళ్ళను ఎంత సౌండు కావాలని ముందుగా అడగను. ఎవరు వినపడకపోతే నీ చేయి ఆగిపోతుందని అడుగుతాను. కొందరు డ్రమ్ములంటారు, కొందరు పాడేవాళ్ళంటారు. కొందరు ఆలోచించుకుని వస్తామంటారు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా నేనేమీ అమ్మను.