ఎంతైనా మనవాడు

జూరకాన్ నోటికి మా లోయంతా జడిసేది. భర్త పోయాక మట్టి పొయ్యిలో రొట్టెలు కాల్చి అమ్ముకుంటూ ఒక్కగానొక్క కొడుకు తాలాయిని పెంచింది. తూకంలో మోసం చేసిన ఉన్ని బేరగాణ్ణి గాడిద మీంచి కిందికి లాగిన మనిషి.

రాజధాని బిష్కెక్‌లో ఉండే మా ఎంపీ మామాసాలి ఓ ఏడు కొండమీది పచ్చికకు కంచె వేయించి తన గుర్రాలను తోలాడు. ఊరి గొర్రెలకు వేసవి మేత లేకుండా పోయింది. జనం ఇళ్లలో తిట్టుకునేవారే గాని వీధిలో నోరు మెదిపేవారు కాదు. చివరికి ఊరిపెద్ద అసిల్‌బెక్ తాత జూరకాన్ గడపకు వచ్చాడు.

"ఎన్నికల విందుకు వస్తున్నాడుగా అమ్మాయ్, నువ్వు అడుగు. నీ వెనక మేమంతా లేమూ?"

విందులో గుర్రం మాంసం వడ్డిస్తుండగా ఆమె లేచింది.

"మామాసాలీ, ఆ పచ్చిక మా తాతల నాటిది. కంచె ఎప్పుడు తీయిస్తావు?"

గుడారంలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మామాసాలి నవ్వుతూ చుట్టూ చూశాడు. "ఇది అక్క మాటా, ఊరి మాటా?"

ఎవరూ తలెత్తలేదు. అసిల్‌బెక్ తాత గడ్డం నిమురుకుని, "మొగుడు పోయిన కాణ్ణించీ దానికి మతి నిలకడ లేదు బాబూ. మనసులో పెట్టుకోకు" అన్నాడు.

వారం తిరక్కుండానే తాలాయి కారులో మత్తుమందు దొరికిందని పోలీసులు పట్టుకెళ్లారు. అతను సిగరెట్టయినా ముట్టడని ఊరందరికీ తెలుసు. సాక్ష్యానికి మాత్రం ఒక్కరూ రాలేదు. పైగా ఆమె దగ్గర రొట్టెలు కొనడం మానేశారు. పక్కింటి తోక్తోబూబూ గోడ మీంచి హితవు చెప్పింది.

"దోచుకుంటే దోచుకున్నాడు, ఎంతైనా మన తెగవాడే. అవతలి లోయవాడు గెలిస్తే ఓట్లకు పంచే ఈ పిండి బస్తా అయినా దక్కుద్దా?"

"మన పచ్చిక మింగి మనకే పిడికెడు విదిలిస్తున్నాడే!"

"అరవకే తల్లీ, మా ఆయన ఉద్యోగం ఊడుద్ది."

ఓట్ల రోజున ఊరు ఊరంతా కొత్తబట్టలు కట్టుకుని వెళ్లి మామాసాలినే గెలిపించింది. చలికాలంలో జూరకాన్ అతనింటికి వెళ్లి అతిథులందరి ముందూ తప్పయిందని ఒప్పుకుంది. అతను స్వయంగా టీ పోసిచ్చి, "మనం మనం ఒకటి అక్కా" అన్నాడట. తాలాయిని వదిలేశారు. అప్పటినుంచి అతనికి ఎడమ చెవి వినపడదు.

నాలుగేళ్లకు బడికి నుర్జామల్ అనే పంతులమ్మ వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి పచ్చిక సంగతి కదిపింది.

"ఊళ్లో నోరు విప్పింది మీరొక్కరేనటగా అక్కా! ఈసారి నేను మీ పక్కన నిలబడతాను."

జూరకాన్ ఆమెకు వేడి రొట్టె పెట్టి పంపింది. ఆ సాయంత్రమే హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి, ఆ పిల్ల పచ్చిక గురించి అంటున్నవన్నీ చెప్పేసింది. నుర్జామల్ ఉద్యోగం పోయింది. కూలిపనికి రష్యా బస్సెక్కింది.

ఎందుకు చెప్పావని అడిగాను. పిండి ముద్దను తిరగేసి మళ్లీ పిసికింది.

"జైలుకు పోయేకంటే రష్యా పోవడం నయం గదా" అంది. నా వైపు చూడకుండా, "తాలాయికి ఆ కంచె దగ్గరే కాపలా పని ఇస్తామన్నారు" అంది.

వచ్చే నెలలో మళ్లీ ఓట్లు. మామాసాలి మీద పోటీకి ఎవరూ నిలబడలేదు.