యమున నీళ్లు తాగని ఎండాకాలం

గోదావరిఖని ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మట్టి తీసే ఒక ప్రైవేటు కంట్రాక్టరు దగ్గర యమున డంపర్ నడుపుతుంది. అక్కడి డ్రైవర్లలో ఆడమనిషి ఆమె ఒక్కతే. పొద్దున ఇంట్లో గ్లాసెడు నీళ్లు తాగితే మళ్లీ షిఫ్టు దిగాకే. మగవాళ్లు మట్టిదిబ్బ చాటుకు పోతారు. ఆమె ఎక్కడికి పోవాలి? ఎండకు క్యాబిన్ పొయ్యిలా కాగుతున్నా సీసా మూత తీసేది కాదు.

వేసవి నడుమ మూత్రంలో మంట మొదలై జ్వరం పట్టుకుంది. దవాఖానలో డాక్టరమ్మ, "నీళ్లు బాగా తాగాలి" అంది. యమున తలూపి వచ్చేసింది.

జ్వరం తగ్గి మళ్లీ డ్యూటీకి పోయిన రోజే సూపర్‌వైజర్ జగదీశ్వర్‌ను అడిగింది.

"అన్నా, ఆడోళ్లకు వేరే బాత్రూం ఉండాలని చట్టమే ఉందట. కట్టియ్యుండ్రి."

"నీ ఒక్కదానికా? కష్టమైతే స్టోర్‌ల కూసో."

మరునాడు ఆమె డంపర్ వేరేవాడికి ఇచ్చి, ఆమెకు స్టోర్‌రూంలో కుర్చీ వేశారు.

ఆ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. బయట ఇంజను మోగిన ప్రతిసారీ లేచి కిటికీ దగ్గరికి పోయేది. ఇంట్లోనూ అంతే, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. భర్త సదానందం చూసి చూసి అన్నాడు.

"నీడపట్టున కొలువు దొరికె. ఇంకేంది నీ ఫికర్?"

"బండి నేర్చుకున్నది కుర్చీల కూసునేటందుకా?"

లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేసింది. అధికారి వచ్చేదాకా కంటినిండా నిద్ర లేదు. ఉన్న పని కూడా పోతే? ఆయన రాగానే జగదీశ్వర్ ముందుకొచ్చి, "ఆమె మంచికే పని మార్చినం సార్" అన్నాడు.

యమున అధికారి వైపు తిరిగింది. "నన్నడగకుంట నా మంచి ఎట్ల చూస్తరు సార్? నాకు బాత్రూం కావాలె, నా బండి కావాలె."

నెల తిరగకముందే రేకుల గది లేచింది, నీళ్ల డ్రమ్ము వచ్చింది, డంపరూ ఆమె చేతికొచ్చింది.

కానీ స్థిమితం చిక్కలేదు. ఆ వారమే డ్రైవరు పని కోసం నస్పూర్ నుంచి లైసెన్సులు పట్టుకుని వచ్చిన ఇద్దరు ఆడపిల్లలను జగదీశ్వర్ గేటు దగ్గరే తిప్పి పంపాడు. "ఆడోళ్లను తీసుకుంటే లొల్లి" అన్నాడు, యమునకు వినపడేటట్టు. తాను కొట్లాడి కట్టించిన గది వీళ్ల దారికి అడ్డమైందా అనుకుంది.

షిఫ్టు దిగి ఉరుకులు పరుగుల మీద వచ్చేసరికి ఆ పిల్లలు ఇంకా బస్టాపులోనే ఉన్నారు.

"ఊకె ఎల్లిపోతరా? ఎందుకు తీసుకోరని అడగరా?" అంది యమున.

"అడిగితే ఏమైతదక్కా?"

"ఏమైతదో నాకూ తెల్వదు. రాండ్రి, నేనూ వస్త."

ముగ్గురూ లేబర్ ఆఫీసుకు పోయే ఆటో ఎక్కారు.