డోలరెస్ వేసిన నేల

ఎరీ సరస్సు ఒడ్డున లొరెయిన్ ఊళ్ళో పాత కార్లు బాగుచేసేవాళ్ళు పదిమంది దాకా ఉంటారు. ఒకరు ఇంజను చూస్తారు, ఒకరు రంగు వేస్తారు, ఒకరు సీట్లు కుడతారు. కారు లోపలి నేల పని మాత్రం ఎవరూ నెత్తిన పెట్టుకోరు. చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఊరది. పైకి అద్దంలా మెరిసే కారుకి కూడా కాళ్ళు పెట్టే చోట రేకు తుప్పు పట్టి, వేలితో నొక్కితే అప్పడంలా విరుగుతుంది. ఆ రేకు కోసి కొత్తది అతకాలంటే వారాల తరబడి కారు కింద వెల్లకిలా పడుకోవాలి. నిప్పురవ్వలు మెడ మీద రాలతాయి, తుప్పు పొడి కళ్ళలో పడుతుంది. అందుకని అలాంటి కార్లన్నీ ట్రెయిలర్లెక్కి డోలరెస్ హ్యూడక్ షెడ్డుకి వచ్చేవి.

డోలరెస్‌కి అరవై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. పద్దెనిమిదో ఏట అన్న రూడీ షెడ్డులోనే వెల్డింగు నేర్చుకుంది. పదకొండేళ్ళు అతని దగ్గర చేసి, తర్వాత ట్రక్కుల ఫ్యాక్టరీలో చేరింది. ఇరవై రెండేళ్ళకి అది మూతపడితే తిరిగి అన్న దగ్గరికే వచ్చింది. అప్పటికే రూడీ ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఇప్పుడతనికి డెబ్భై నాలుగు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని ముందుగదిలో కుర్చీలో కూర్చునే ఉంటాడు. రాత్రిళ్ళు అతనికి దగ్గు తెర వచ్చినప్పుడల్లా డోలరెస్ లేచి కూర్చోబెట్టాలి. పగలు షెడ్డు. ఆమె కుడి భుజం చెవి దాకా లేవదు. కారు కింద నుంచి లేవాలంటే ముందు పక్కకి దొర్లాలి, తర్వాత మోకాలు ఆనించాలి, తర్వాత బంపరు పట్టుకోవాలి. ఈ కారుతో సరి అని గడిచిన నాలుగు కార్లకీ అనుకుంది.

మార్చి నెలాఖర్లో యూజీన్ పాల్కో వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఆ పేటలో ఉత్తరాలు పంచిన మనిషి. వెనక ట్రెయిలర్ మీద అరవై ఎనిమిది నాటి రెండు తలుపుల ముదురు నీలం కారు ఉంది.

"మా ఆవిడ కారండీ," అన్నాడు. "మార్లీన్ బడి వంటగదిలో పనికి ఇందులోనే వెళ్ళేది. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ అక్క కొట్టంలో పడుంది. నేల కొంచెం పోయినట్టుంది."

"కొంచెం అని తెచ్చే కార్లకి తలుపుల కింద గడపలు కూడా పోయుంటాయి పాల్కో గారూ."

"మీరెంత అంటే అంత. మార్లీన్ పోయి ఆరు నెలలైంది. ఇంట్లో నాకేం పని లేదు."

"ఇన్నాళ్ళూ మా ఇంటికి బిల్లులు తెచ్చారు. ఇప్పుడు ఇది తెచ్చారు," అంది డోలరెస్. యూజీన్ నవ్వాడు. ఆమె కూడా నవ్వుదామనుకుంది గానీ అప్పటికే భుజం సలుపుతోంది. కాదనడానికీ ఓపిక కావాలి. కారు దింపించింది.

మర్నాడు సీట్లు విప్పి, కార్పెట్టు పీకింది. కింద దళసరిగా తారు పూసి ఉంది. ఎవరో తుప్పు మీద తారు పూసి చేతులు దులుపుకున్నారు, అది ఎప్పుడూ చూసేదే. డ్రైవరు పక్క తారుని వేడి గాలితో మెత్తబరిచి గీకుతుంటే వరసగా రివెట్లు తగిలాయి. రివెట్ల కింద రేకు ఇనుప రంగులో లేదు. లేత ఆకుపచ్చగా, నున్నగా, పింగాణీ పూతతో ఉంది. ఇంకాస్త గీకితే ఒక మూల బొమ్మ కనబడింది, రెండు చెర్రీ పళ్ళు, ఒక ఆకు.

ఆ బొమ్మ అంటించింది డోలరెసే. పన్నెండేళ్ళప్పుడు, అమ్మ బట్టలుతికే మెషీనుకి. అమ్మ చీవాట్లు కూడా పెట్టింది.

ఆమె గీకే బద్ద పక్కన పెట్టి, కారు గడప మీద కూర్చుంది. ఆ మెషీను పాడయ్యేనాటికి తను ఫ్యాక్టరీలో చేరి ఏడాదైంది. కాబట్టి ఈ పని తను షెడ్డు వదిలాక రూడీయే చేశాడు. నిజం చెప్పాలంటే కోపం రాలేదు. కోపానికి ముందు అలసట వచ్చి కూర్చుంది. ఆ రేకు కోసి తుక్కు డబ్బాలో పడేస్తే ఎవరికీ తెలియదు. పడేయడం సుళువు కూడా.

మధ్యాహ్నం సూపు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది.

"రూడీ, అమ్మ వాషింగ్ మెషీను ఏం చేశావు?"

"ఏ మెషీను?"

"ఆకుపచ్చది. నేను చెర్రీల బొమ్మ అంటించింది."

"పాత ఇనుము వాడికి వేసేశానుగా."

"దాని పక్క రేకు వెయ్యలేదు. అది పాల్కో వాళ్ళ కారులో ఉంది."

రూడీ టీవీ గొంతు తగ్గించాడు. ఆక్సిజన్ యంత్రం బుస్సుమంటోంది.

"మార్లీన్ కారా," అన్నాడు. "అప్పుడు నా నెత్తిన ఎనిమిది కార్లున్నాయే డాలీ. నువ్వు ఫ్యాక్టరీకి పోయావు. పల్చటి రేకు అతకడం నీకొచ్చు, నాకు రాదు. నేను అంటిస్తే బొక్కలు పడతాయి. ఆవిడకి సోమవారానికి బండి కావాలి. ఎండలొచ్చాక తీసుకురా, సరిగ్గా వేస్తానన్నాను."

"అన్నావా?"

"అన్నాననే అనుకుంటున్నా."

"కొత్త నేల వేశానని చెప్పావా లేదా?"

రూడీ చెంచాతో సూపు కలిపాడు. "ఉప్పు వెయ్యలేదా దీంట్లో?" అన్నాడు.

శుక్రవారం యూజీన్ పని చూడడానికి వచ్చాడు. చర్చిలో వేయించిన చేపలు, బంగాళదుంప కూరిన కజ్జికాయల్లాంటి పియెరోగీలు ఒక పొట్లం కట్టించి తెచ్చాడు. డోలరెస్ చేతులు తుడుచుకుని, పొట్లం బల్ల మీద పెట్టి, కోసి తీసిన ఆకుపచ్చ రేకు చూపించింది. అది ఎక్కడిదో, ఎవరు వేశారో దాచకుండా చెప్పింది. దాచడానికి కథలు అల్లాలి, వాటిని గుర్తుపెట్టుకోవాలి. అంత ఓపిక ఆమెకు లేదు.

యూజీన్ రేకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంతో నీళ్ళు ఆగుతాయా?"

"ఆగవు. పైన తారు, కింద బొక్కలు. వాన పడితే చక్రం చిమ్మిన నీళ్ళన్నీ లోపలికే వస్తాయి."

"కిటికీ లోంచి కాదూ?"

"కిటికీ రబ్బరు ఇప్పటికీ బాగుంది. చూశాను."

అతను గడప మీద కూర్చున్నాడు, రేకు ఒళ్ళో పెట్టుకుని.

"వాన పడ్డ ప్రతిసారీ ఆవిడ కాళ్ళ కింద కార్పెట్టు తడిసేది," అన్నాడు. "కిటికీ అద్దం సరిగ్గా ఎత్తవు, నీకు ఒంటి మీద తెలివి లేదనేవాణ్ణి. ఎత్తానయ్యా అనేది. కొత్త నేల వేయించాం కదా, కింద నుంచి ఎలా వస్తాయి అనేవాణ్ణి. కొన్నాళ్ళకి మాట్లాడ్డం మానేసింది. ముందు అరలో ఒక జత పొడి మేజోళ్ళు పెట్టుకునేది. బడికి వెళ్ళాక మార్చుకునేది. పన్నెండేళ్ళండీ."

బల్ల మీద పొట్లంలో పియెరోగీలు చల్లారిపోతున్నాయి.

"మీ అన్న ఇంట్లోనే ఉన్నాడా?"

ఆమె ఆపలేదు. వెనకే వెళ్ళింది. యూజీన్ ముందుగది గుమ్మంలో నిలబడ్డాడు. గొట్టం పెట్టుకున్న మనిషిని చూసి ఒక్క క్షణం తగ్గాడు గానీ వెనక్కి తిరగలేదు.

"కొత్త నేలన్నావు."

"అన్నాను," అన్నాడు రూడీ.

"ఆ తడికి మా ఆవిణ్ణి పన్నెండేళ్ళు తిట్టాను. వాళ్ళ అక్క ముందు కూడా తిట్టాను."

రూడీ ఊపిరి కూడదీసుకున్నాడు. "రేకు తప్పుగా వేసింది నేనే. అది ఒప్పుకుంటాను. తిట్టమని నేను చెప్పలేదయ్యా."

కొడతాడేమో అనుకుంది డోలరెస్. యూజీన్ కొట్టలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతని కారు వీధి మలుపు తిరిగేదాకా డోలరెస్ కిటికీ దగ్గర నిలబడి చూసింది.

"అలా అనాలా?" అంది ఆమె.

"అబద్ధమా?"

"నిజమే. అందుకే అడుగుతున్నా."

ఆ తర్వాత నెల రోజులు యూజీన్ రాలేదు, ఫోనూ చెయ్యలేదు. కారు పట్టుకుపోతాడేమో అనుకుంది. పట్టుకుపోతే బాగుండుననీ అనుకుంది. కానీ సగం కోసిన కారుని అలా వదిలేస్తే దాని బాడీ మధ్యలో కుంగుతుంది, తలుపులు మళ్ళీ పడవు. తలుపు సందుకి అడ్డంగా ఇనుప గొట్టాలు అతికించి, ఒక పక్కే కోసి ఆ పక్క పూర్తిచేసింది. అది అయ్యాకే రెండో పక్క ముట్టుకుంది. కొత్త రేకు అట్టపెట్టెలో వచ్చింది, పేరుకి ఈ కారుదే, కొలత మాత్రం దేనిదో. పెట్టి చూడడం, తీయడం, అంచు కోయడం, సుత్తితో మలచడం, మళ్ళీ పెట్టడం, ఒక్క ఎడమ పక్కకే పదకొండుసార్లయింది. వెల్డింగు టాకాలు వరసగా వేస్తే వేడికి రేకు ఉబ్బిపోతుంది. ఇక్కడొకటి, జానెడు దూరంలో ఒకటి వేసి, చల్లారేదాకా ఆగాలి. ఆగినప్పుడల్లా ఆమె కళ్ళు మూతలు పడేవి. ఒకరోజు వెల్డింగు ముసుగు గుండెల మీద పెట్టుకుని కారు కిందే పావుగంట నిద్రపోయింది. లేచాక భుజం అసలు కదల్లేదు. ఎడమ చేత్తో పట్టుకుని పైకెత్తి, మిగతా టాకాలు వేసింది.

ఈ పని నాకు చేతకాదని రూడీ అన్న మాట ఆ రోజుల్లో తరచూ గుర్తొచ్చేది. తను ఫ్యాక్టరీకి వెళ్ళకపోతే ఆ ఆకుపచ్చ రేకు కారుకి ఎక్కేదే కాదు. అలాగని వెళ్ళడం తప్పా? ఇరవై రెండేళ్ళు ఆ జీతమే ఈ ఇంటిని నడిపింది. అలా అనుకుంటూనే అతుకుల మీద తుప్పు పట్టకుండా ప్రైమరు పూసింది, నీళ్ళు దిగకుండా సందుల్లో సీలెంట్ పట్టించింది.

మే నెల మొదట్లో కబురు పంపితే యూజీన్ వచ్చాడు. చిక్కిపోయాడు. ఆ శుక్రవారం సంగతి అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

"కార్పెట్టు వెయ్యకముందే నీళ్ళు పట్టి చూడాలి," అంది. "లోపల ఒకరు కూర్చుని చూస్తుంటే మంచిది. నేను వంగలేను."

సీట్లు లేని కారులో అతను కొత్త నేల మీదే చతికిలబడ్డాడు. డోలరెస్ తలుపు మూసి, గొట్టంతో చక్రాల సందుల్లోకి, గడపల కిందకి, కిటికీల మీదకి నీళ్ళు కొట్టింది. అద్దం లోంచి చూస్తే అతను అరచేత్తో రేకు తడుముతూ కనిపించాడు, ఎడమ మూల, పెడళ్ళ కింద.

"చాలా?" అని అరిచింది.

"ఇంకాస్త పట్టండి."

ఆమె చెయ్యి మార్చుకుని ఇంకాస్త పట్టింది. అతను దిగేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పొడిగా ఉంది," అని మాత్రం అన్నాడు. తర్వాత, పిలవకుండానే, ఇంటి వైపు నడిచాడు.

ఈసారి గుమ్మంలో ఆగలేదు. లోపలికి వెళ్ళి రూడీ ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"నువ్వన్న మాట నెల రోజుల నుంచీ నములుతున్నాను."

"అరిగిందా?"

"లేదు."

"నాకూ అరగలేదు," అన్నాడు రూడీ. "అసలావిడతో ఎండలొచ్చాక రమ్మని అన్నానో లేదో కూడా నాకు తెలీదు. అన్నాననుకుంటే బాగుంటుందని అలా అనుకున్నా."

యూజీన్ తలూపాడు. టీవీలో బేస్‌బాల్ ఆట నడుస్తోంది. వాళ్ళ జట్టు ఓడిపోతోంది. బంతి విసిరేవాణ్ణి మార్చాలని ఒకడన్నాడు, ముందే మార్చాల్సిందని ఇంకొకడన్నాడు. అలా ఆట అయ్యేదాకా కూర్చున్నారు.

కారు ఆగస్టులో రోడ్డెక్కింది. షెడ్డు ముందు మరో రెండు కార్లు వచ్చి ఆగితే డోలరెస్ రెంటినీ తిప్పి పంపింది. మూడోదాన్ని పంపలేకపోయింది, అది వేరే సంగతి. యూజీన్ గురువారాలు మధ్యాహ్నం వచ్చి రూడీ దగ్గర రెండు గంటలు కూర్చుంటాడు. వాళ్ళకి స్నేహం కలిసిందని ఆమె అనుకోదు. ఒకరినొకరు దెప్పుకోని వారం లేదు. కానీ దగ్గు వస్తే వీపు పట్టి లేపి కూర్చోబెట్టడం అతను నేర్చుకున్నాడు. యంత్రం ఆగితే మీట ఎక్కడుందో అతనికి తెలుసు. అందుకని ఆ రెండు గంటలూ డోలరెస్ పైగదిలోకి వెళ్ళి, బూట్లు విప్పి, తలుపు వేసుకుని నిద్రపోతుంది.