లచ్చవ్వ గోడ మీది గీతలు

1988. హనుమకొండలో మా తాతగారు కట్టించిన మేడలో అప్పటికి ఆరు గదులు అద్దెకు ఇస్తున్నాను. భూములు పోయాయి, మేడ మిగిలింది. దాన్ని నిలబెట్టుకోవడానికి ఎంచుకున్న వృత్తి ఇది. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి, మిర్చి వ్యాపారులు ఒకటి రెండు రాత్రులు ఉండి పోయేవారు.

లగ్జరీ ట్యాక్స్ అప్పటికి కొత్త. గది రోజు అద్దె ఒక హద్దు దాటితే, బస చేసిన ప్రతి రాత్రికీ పన్ను వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలి. నా ముందరి రెండు పెద్ద గదులు ఆ హద్దు దాటాయి. ఎవరు వచ్చారు, ఎన్ని రాత్రులు ఉన్నారు అన్నది రిజిస్టర్‌లో రాయాలి. అక్కడే తప్పు చేశాను. వచ్చినవాడు కాళ్లు కడుక్కుని అన్నం తిననిదే పేరూ ఊరూ అడగకూడదన్నది మా ఇంటి ఆచారం. తినగానే వాళ్లు నిద్రపోయేవారు, తెల్లవారకముందే మార్కెట్‌కు వెళ్లిపోయేవారు. రిజిస్టర్‌లో ఖాళీలు మిగిలేవి. నెలాఖరున గుర్తున్నంత మేరకు కట్టేవాణ్ని.

తనిఖీకి వచ్చిన అధికారి వర్ధన్నపేట దిక్కు రైతుబిడ్డ. పేజీలు తిప్పి నవ్వాడు.

"గిది రిజిస్టరా, చిత్తు పుస్తకమా సార్?"

"నా మాట చాలదా?"

"రాజ్యాలు పోయినయ్ సార్. రిజిస్టర్లొచ్చినయ్."

రిజిస్టర్ నమ్మేటట్టు లేకపోతే అధికారి తన అంచనాతో పన్ను వేస్తాడు. దాన్ని బెస్ట్ జడ్జిమెంట్ అసెస్‌మెంట్ అంటారు. రెండు గదులూ ఏడాది పొడుగునా నిండే ఉన్నాయని రాస్తానన్నాడు, ఆపైన జరిమానా. అంత కట్టాలంటే మేడ అమ్మాల్సిందే.

మా బట్టలు ఉతికే లచ్చవ్వ దుప్పట్లకు వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది.

"జర ఇటు రాండ్రి సారూ. ఆ రాత్రుల లెక్క నా తాన ఉన్నది."

"నీకు రాసుడొచ్చా అవ్వా?" అన్నాడు అధికారి.

"సదువెక్కడిది బిడ్డా. గీతలు గీసిన."

పెరట్లో దుప్పట్లు మూటగట్టే గదికి తీసుకుపోయింది. నేను పుట్టిన ఇంట్లో ఆ గదిలోకి అడుగుపెట్టడం నాకదే మొదటిసారి. నేల నుంచి తలెత్తు దాకా గోడంతా బొగ్గు గీతలు. ఎడమ వరుస మొదటి గది, కుడి వరుస రెండోది. ప్రతి అమావాస్యకూ ఒక అడ్డగీత. ఆ రెండు గదుల్లో రోజూ దుప్పటి మార్చడం మా నియమం కనుక, ఒక గీత అంటే ఒక రాత్రి. పూర్వపు రాజుల శాసనం ముందు నిలబడ్డట్టు అనిపించింది.

అధికారి గొంతుక్కూర్చుని ఎంచడం మొదలుపెట్టాడు. మాఘమాసం వరుస దగ్గర ఆగాడు. నేను పన్ను కట్టిన రాత్రుల కన్నా అక్కడ మూడు గీతలు ఎక్కువ ఉన్నాయి.

"అప్పుడు మా చుట్టాలు వచ్చారు" అన్నాను. నిజంగానే అలా అనుకున్నానో, ఆ క్షణానికి తోచిందో ఇప్పటికీ చెప్పలేను.

"కాదు దొరా" అన్నది లచ్చవ్వ. "పరకాల పత్తి సేట్లు గాళ్లు. దుప్పటి నిండ కిళ్లీ మరకలే. రెండు దినాలు సోడాల నానేసిన."

ఆమె వైపు తిరిగాను. "నువ్వు ఎవరి పక్షం?"

"దుప్పట్లకు పక్షమేంది దొరా?"

అధికారి లేచి చేతులు దులుపుకున్నాడు. "అవ్వ మీ మీదనే చెప్తాంది. ఇగ ఈ గోడను నమ్మకుంటే దేన్ని నమ్మాలె?" ఆ గీతల ప్రకారమే అసెస్‌మెంట్ రాసి, సాక్షిగా ఆమె వేలిముద్ర తీసుకున్నాడు. తక్కువ కట్టిన రాత్రులకు పన్ను, రిజిస్టర్ సరిగా లేనందుకు కొద్దిపాటి జరిమానా కట్టాను. మేడ దక్కింది.

అతను వెళ్లాక అడిగాను, ఇన్నాళ్లూ ఎవరూ చెప్పకుండా ఈ లెక్క ఎందుకు పెట్టావని.

"ఒక్క దుప్పటి పోతే మీ ఇంట్ల ముందుగాల నన్నే అడుగుతరు గద దొరా."

లెక్కలు గుమాస్తాలకు, మాట మాకు అని నేర్చుకుంటూ పెరిగినవాణ్ని. మాట నిలవాలంటే దాని వెనక ఇంత ఓపికైన లెక్క ఉండాలని ఆ గోడ ముందు తెలిసింది. మర్నాటి నుంచి రిజిస్టర్ ముందు, అన్నం తర్వాత. దుప్పట్లు కూడా నేనే ఎంచి ఇచ్చి, ఆ లెక్క రాసి కింద నా సంతకం పెట్టేవాణ్ని.